చేలో తెలియని మొక్క మొలిస్తే: ఫోన్‌ని అడగాలా, ఊరిని అడగాలా, బోటనీ వాళ్లనా?

పోయిన ఏడాది తొలకరి పడ్డ పది పన్నెండు రోజులకు, నర్సీపట్నం దగ్గర మా చేను కంచె మీదకి ఒక తీగ ఎగబాకింది. మేం నాటింది కాదు. గుండె ఆకారపు ఆకు, అరచేతి కంటే కొంచెం పెద్దది, నూనె రాసినట్టు మెరుస్తోంది. మా అత్తయ్య చూడగానే "తిప్పతీగ! వెతికినా దొరకదు, దానంతట అదే వచ్చింది" అని సంబరపడింది. పక్క చేను బాబాయ్ కూడా "తిప్పతీగే కదమ్మా, నాలుగాకులు కోసి కషాయం పెట్టుకోండి, షుగర్‌కి మంచిది" అన్నాడు. నేను ఫోటో తీసి ఒక యాప్‌లో పెడితే తమలపాకు అంది. అదే ఫోటోకి ఇంకో యాప్ మిరియాల తీగ అంది. చీకటి పడేసరికి ఒక్క తీగకి మూడు పేర్లు, పొయ్యి మీద గిన్నె.

ఆ రాత్రికి కషాయం ఆపించాను. అత్తయ్య రెండు రోజులు ముభావంగా ఉంది. తీగ అసలు పేరు తేలేసరికి అక్టోబరు వచ్చింది. ఈలోగా తెలియని మొక్కని గుర్తుపట్టడానికి ఉన్న దారులన్నీ దాదాపు తొక్కాను. ఏ దారి ఎక్కడిదాకా తీసుకెళ్తుందో, ఎక్కడ వదిలేస్తుందో ఇక్కడ రాస్తున్నాను.

పేరు తెలిశాక ఏం చేయబోతున్నారు?

ఎవరిని అడగాలో తేల్చుకునే ముందు ఈ ప్రశ్న వేసుకోండి. పేరు తప్పయితే మీకు పోయేదేమిటి?

పూలు బాగున్నాయి, పేరేమిటో తెలుసుకుందాం అనుకుంటే యాప్ చాలు. తప్పు చెప్పినా కొంప మునగదు. పంటలో కొత్త కలుపు కనిపిస్తే సంగతి వేరు. తప్పు పేరుకి తప్పు మందు కొడితే మందు డబ్బులతో పాటు పంట కూడా పోవచ్చు. కాబట్టి అక్కడ వ్యవసాయ శాఖ వాళ్లు కావాలి. ఇక ఆ మొక్కని మీరు తినబోతున్నా, పశువుకి వేయబోతున్నా, మందని నలుగురికి పంచబోతున్నా, యాప్ మాటా ఊరి మాటా కలిసినా సరే సరిపోదు. పువ్వో కాయో చేత పట్టుకుని చూసి, ఆ చదువు చదివినవాళ్లు చెప్పేదాకా ఆగాలి. చెట్టు కొట్టడం గురించైతే అది వేరే లెక్క, చివర్లో చెప్తాను.

ఒక్క సందర్భంలో మాత్రం గుర్తుపట్టే పనే పెట్టుకోకూడదు. పిల్లలు ఏ గింజో, కాయో తినేశారనుకోండి. అడవాముదం గింజలు కమ్మగా ఉంటాయని బడి పిల్లలు పంచుకు తిని, వాంతులతో ఆసుపత్రిలో చేరిన వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉంటాం. అప్పుడు యాప్ తెరవొద్దు, ఎవరికీ ఫోటోలు పంపొద్దు, వేలు పెట్టి వాంతి చేయించొద్దు. 108కి ఫోన్ చేసి, ఆ మొక్క కొమ్మ ఒకటి, మిగిలిన గింజలు సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్లండి. పేరు సంగతి డాక్టర్లు చూసుకుంటారు. పశువుకైతే 1962.

ఫోన్ యాప్‌లు: వేగం ఉంది, ముక్కు లేదు

మనవాళ్లు ఎక్కువగా వాడేవి మూడు. గూగుల్ లెన్స్ ప్రత్యేకంగా మొక్కల కోసం చేసింది కాదు. చెప్పు చూపించినా, చీర చూపించినా, మొక్క చూపించినా దానిలాంటి బొమ్మల్ని ఇంటర్నెట్ అంతా గాలిస్తుంది. అందుకే నర్సరీ మొక్కలకి, ఇళ్లల్లో పెంచే పూలకి బాగా పనికొస్తుంది. అమ్మేవాళ్లు పెట్టిన ఫోటోలు దండిగా ఉంటాయి కదా.

ప్లాంట్‌నెట్ ఫ్రాన్స్ పరిశోధన సంస్థలు కలిసి చేసింది. ఫోటో పెట్టగానే అది ఆకా, పువ్వా, కాయా, బెరడా అని అడుగుతుంది. ఏ ప్రాంతపు వృక్షసంపదలో వెతకాలో కూడా మనమే ఎంచుకోవచ్చు. చాలామంది ఆ రెండో మెట్టు దాటేస్తారు. అది మార్చకపోతే మన గట్టు మీది మొక్కకి ఎక్కడో చలిదేశపు పేరు రావచ్చు.

ఐనాచురలిస్ట్ తీరు వేరు. 2008లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. ముందు కంప్యూటరే ఒక ఊహ చెప్తుంది. తర్వాత మీ ఫోటోని మనుషులు చూస్తారు. పేరు మీద మాట చెప్పినవాళ్లలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువ మంది ఒప్పుకుంటేనే దానికి పరిశోధన స్థాయి ముద్ర పడుతుంది. ఈ ముగ్గురిలో నాకు ఎక్కువ నమ్మకం దీని మీదే. ఎందుకంటే, తెలియనప్పుడు "ఈ కుటుంబానికి చెందింది, అంతకు మించి చెప్పలేం" అని ఆగిపోయే మర్యాద ఇక్కడి మనుషులకి ఉంది. ఒక జాగ్రత్త. ఫోటోతో పాటు మీ చేను ఎక్కడుందో కూడా అందరికీ కనిపిస్తుంది. చోటు దాచే ఏర్పాటు అందులోనే ఉంది, వాడుకోండి. ముఖ్యంగా శ్రీగంధమో ఎర్రచందనమో అని అనుమానం ఉంటే.

యాప్ చూపించే శాతం గురించి ఒక మాట. 80 శాతం అని చూపిస్తే, ఎనభై పైసల నమ్మకం అనుకుంటాం. నిజానికి అది తన దగ్గరున్న ఫోటోలతో పోలిక ఎంత అన్న లెక్క. అసలు ఆ మొక్క ఫోటోలే దాని దగ్గర లేకపోతే చాలాసార్లు "తెలీదు" అనదు. ఉన్నవాటిలో దగ్గరి పోలిక ఉన్నదాన్ని పట్టుకొచ్చి చూపిస్తుంది. గులాబీకి లక్షల ఫోటోలున్నాయి. తూర్పు కనుమల అంచున వానకి మొలిచి చలికి ఎండిపోయే తీగకి ఎన్ని ఉంటాయి చెప్పండి.

నా తీగ విషయంలో తమలపాకు, మిరియం రెండూ తప్పని తేల్చడానికి నాకు పట్టింది అర నిమిషం. ఆకు నలిపి వాసన చూశాను. తమలపాకైతే ఘాటు తెలియాలి కదా, ఏ ఘాటూ లేదు. పైగా తమలపాకు, మిరియం రెండూ కణుపు కణుపుకీ చిన్న వేళ్లు వేసి కొయ్యని కరుచుకుని పైకెక్కుతాయి. నా తీగ తీగంతా కంచె చుట్టూ మెలికలు తిరిగింది తప్ప ఎక్కడా అతుక్కోలేదు. ఇవేవీ ఫోటోలో పడవు. అందుకని యాప్ ఇచ్చే పేరుని జవాబుగా తీసుకోవడం మానేశాను. అనుమానితుల జాబితా అనుకుని, ఒక్కొక్కరినీ నిలబెట్టి ప్రశ్నించడం మొదలుపెట్టాను.

ఫోటో తీసేటప్పుడు

ఎవరిని అడిగినా ముందు ఫోటోలు కావాలి. ఒక్క ఆకుని దగ్గరగా తీసి "ఇదేంటి?" అని పంపితే ఎంత చదువుకున్నవాళ్లకైనా చెప్పడం కష్టం. మొక్క మొత్తం ఒకటి. ఆకు పైభాగం, అడుగుభాగం. కాడకి ఆకు అతికే చోటు, అక్కడ ఆకులు ఎదురెదురుగా ఉన్నాయో ఒకటి విడిచి ఒకటి ఉన్నాయో కనబడాలి. పువ్వు ఎదుట నుంచి, పక్క నుంచి. కాయ ఉంటే ఒకటి కోసి లోపలిది. ఆకు తుంపితే పాలు కారతాయా, నీళ్లలాంటి రసమా, ఏమీ రాదా అన్నది రాసి పెట్టుకోండి. కొలత తెలియడానికి పక్కన పది రూపాయల బిళ్ల పెట్టండి. అది 27 మిల్లీమీటర్లు. వెనకాల గడ్డీ గాదం కలిసిపోతే ఏ ఆకు ఏదో తెలియదు, గోనె పట్టా పట్టుకుంటే సరిపోతుంది.

ముట్టుకునే ముందు ఒకసారి చూడండి. దూలగొండి కాయ మీది నూగు ఒంటికి తగిలితే ఆ రోజు ఇంకో పని చేయలేరు. దురదగొండి ఆకూ అంతే. వయ్యారిభామ కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. పాలు కారే మొక్కల్ని తుంపిన చేత్తో కళ్లు నులుముకోవద్దు.

ఊరివాళ్ల మాట

యాప్‌ని చూసి మురిసిపోయి ఊరి ముసలమ్మల్ని చిన్నచూపు చూడటం తప్పు. పువ్వు లేని రోజుల్లో కూడా ఆకు నలిపి, కాడ విరిచి, నాలిక కొసకి తగిలించి మొక్కని గుర్తుపట్టేది వాళ్లే. ఏ నెలలో మొలుస్తుంది, మేక ముడుతుందా లేదా, పోయినసారి గెడ్డ పక్కన వచ్చిందా లేదా, ఇవి మీకు ఏ పుస్తకంలోనూ దొరకవు.

చిక్కు రెండు చోట్ల వస్తుంది. మొదటిది పేర్ల దగ్గర. గలిజేరు అన్న ఒక్క పేరు రెండు వేర్వేరు మొక్కల మీద తిరుగుతోంది. ఒకటి అటికమామిడి. లావుపాటి వేరు, నేల మీద పాకే కొమ్మలు, ఆకులకి దూరంగా సన్నటి కాడల చివర చిన్న గులాబీ పూలు, కాయలు జిగురుగా ఉండి పంచెకి అంటుకుంటాయి. ఆయుర్వేదంలో పునర్నవ అనేది దీన్నే. రెండోది అంబటిమాడు. వానలకి చేలో దుప్పటిలా పరుచుకునే కలుపు. ఆకు కొంచెం కండపట్టి ఉంటుంది, పువ్వు ఆకు మొదట్లోనే ఒదిగి కూర్చుంటుంది. పక్కూరి నుంచి వచ్చినవాళ్లకి రెండూ గలిజేరే. ఒకరికి ఎర్ర గలిజేరు, ఇంకొకరికి తెల్ల గలిజేరు, ఏది ఎరుపో ఏది తెలుపో మళ్లీ తగువు. అందుకని ఊళ్లో ఎవరైనా పేరు చెప్తే అక్కడితో ఆగకుండా "దాని పువ్వు ఎలా ఉంటుంది? కాయ ఎలా ఉంటుంది?" అని అడగండి. వాళ్ల మనసులో ఏ మొక్క ఉందో అప్పుడు తెలుస్తుంది.

రెండోది కొత్తగా వచ్చిన మొక్కల దగ్గర. తాతల నాడు లేని మొక్కకి తాతల పేరు ఉండదు. కొన్నిసార్లు పేరే ఆ కథ చెప్తుంది. సీమచింతలో సీమ అంటే పరాయి దేశం అనే. అది మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చిన చెట్టు. సర్కారు తుమ్మ అన్న పేరులో దాన్ని నాటించిందెవరో ఉంది. వయ్యారిభామకి కాంగ్రెస్ గడ్డి అన్న పేరు 1950ల్లో ఆ విత్తనాలు అమెరికా గోధుమలతో కలిసి దిగాయన్న మాటతో ముడిపడింది. మన దేశంలో అది మొదట కంటపడింది పుణె దగ్గర. ఇంకా పేరు పెట్టించుకోని కొత్తవాటిని ఊళ్లో "పిచ్చి మొక్క" అంటారు, లేదంటే దగ్గరి పోలిక ఉన్న పాత మొక్క పేరుతో పిలుస్తారు. ఇందులో రెండోదే ప్రమాదం.

వాట్సాప్ గ్రూపుల సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. రెండు నిమిషాల్లో జవాబు వస్తుంది, అయిదు నిమిషాల్లో అది ఏయే రోగాలకి పనికొస్తుందో కూడా వస్తుంది. నేను ఆ దారి మానుకున్నాను.

వ్యవసాయ శాఖ, కృషి విజ్ఞాన కేంద్రం

కలుపు మొక్కకి ఇదే సరైన గుమ్మం. ఆంధ్రాలో రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుడు, తెలంగాణలో ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి), జిల్లాలో కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలు. పంటల్లో వచ్చే కలుపు వాళ్లు రోజూ చూసేదే. పేరుతో పాటు ఏ దశలో పీకాలి, ఏ పంటలో ఏ మందు వాడొచ్చు అన్నది కూడా చెప్తారు. మీకు కావాల్సిందీ అదే. మొక్కని వేళ్లతో సహా పీకి, తడి గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. వాడి ముడుచుకుపోయిన ఆకు చూపిస్తే ఎవరికీ అర్థం కాదు.

ఒక ఉదాహరణ. వయ్యారిభామ మొలకగా ఉన్నప్పుడు ఆకులు చామంతిలా, దవనంలా ముచ్చటగా ఉంటాయి. చామంతే అనుకుని నీళ్లు పోసి పెంచినవాళ్లని నేను చూశాను. తెల్లటి చిన్న పూలు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే, ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. పూత రాకముందే చేతికి తొడుగులు వేసుకుని పీకాలి. దాని ఆకుల మీద చారల రెక్కల చిన్న పెంకు పురుగులు కనిపిస్తే చంపకండి. వాటిని 1980ల్లో మెక్సికో నుంచి తెప్పించి బెంగళూరు దగ్గర వదిలింది ఈ మొక్కని తినడానికే.

కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పేరు తెలిశాక మందులూ మోతాదూ అడగడానికి ఇది బాగుంటుంది. తెలియని ఆకుని ఫోన్‌లో మాటలతో వర్ణించడం మాత్రం ఇద్దరికీ నరకం.

పంటకి సంబంధం లేని అడవి మొక్కల దగ్గర ఈ దారి ఆగిపోతుంది. నా తీగ చూసి ఒక ఆఫీసులో "కలుపే కదా, కొట్టేయండి" అన్నారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల పని పంట.

బోటనీ వాళ్లు

ఖచ్చితమైన పేరు కావాలంటే చివరికి చేరేది ఇక్కడికే. భారత వృక్షశాస్త్ర సర్వే 1890లో ఏర్పడింది, ప్రధాన కార్యాలయం కోల్‌కతా, దక్కన్ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. ఆంధ్రా, ఉస్మానియా, కాకతీయ, శ్రీవేంకటేశ్వర, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాల్లో బోటనీ విభాగాలున్నాయి. అంత దూరం వెళ్లలేకపోతే మీ దగ్గరి పట్టణంలో డిగ్రీ కాలేజీ బోటనీ లెక్చరర్‌ని కలవండి. నా చిక్కు విప్పింది అలాంటి ఒక లెక్చరర్ గారే. వీళ్లని అడిగేవాళ్లు తక్కువ, అడిగితే సంతోషిస్తారు. సర్వే లాంటి చోట్లకి వెళ్లే ముందు ఫీజు ఏమైనా ఉందా, నమూనా ఎలా తేవాలి అని ఫోన్‌లో కనుక్కోవడం మంచిది.

నమూనా అంటే పూలో కాయలో ఉన్న కొమ్మ, దాదాపు మూరెడు. పాత న్యూస్‌పేపర్ మడతలో ఆకులు పరిచి పెట్టాలి. కనీసం ఒక ఆకుని తిరగేసి పెట్టండి, అడుగుభాగం కనిపించాలి. పైన పుస్తకాలో రాళ్లో బరువు పెట్టండి. మొదటి నాలుగైదు రోజులు పేపరు రోజూ మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. వానాకాలంలో ఇదే పెద్ద తలనొప్పి. నేను ఇస్త్రీ చేసిన బట్టల కింద పెట్టి తిట్లు తిన్నాను. ఎండితే పువ్వు రంగు పోతుంది, వాసన పోతుంది. కాబట్టి తెచ్చిన రోజే ఒక చీటీ రాసి లోపల పెట్టండి. ఎక్కడ, ఏ తేదీ, ఎంత ఎత్తు, పువ్వు రంగు, రసం, వాసన, ఊళ్లో ఏమంటారు.

కూర్చున్న చోటి నుంచే బోటనీ వాళ్లని అడగాలంటే ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్, ఈఫ్లోరా ఆఫ్ ఇండియా అనే వెబ్‌సైట్లు ఉన్నాయి. మన దేశపు మొక్కలు తెలిసినవాళ్లు అక్కడ చూస్తారు. జవాబు ఒక పూటలో రావొచ్చు, వారాలూ పట్టొచ్చు. ఇంగ్లీషులో రాయాల్సి వస్తుంది. గ్యాంబుల్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రవేత్త మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాలం, 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చింది, మన కోస్తా, రాయలసీమ మొక్కలకి ఇప్పటికీ లెక్చరర్లు తీసి చూసే పుస్తకం అదే. మనలాంటివాళ్లు తెరిస్తే మొదటి పేజీలోనే పువ్వు భాగాల పేర్ల దగ్గర చిక్కుకుంటాం.

వీళ్లందరి దగ్గరా ఒకటే ఇబ్బంది. పువ్వు కావాలి, కాయ కావాలి. అంటే కాలం కావాలి. కషాయం గిన్నె పొయ్యి మీద పెట్టినవాళ్లకి అది ఉండదు.

తిప్పతీగా, కాదా?

గుండె ఆకు తీగలన్నిటినీ తిప్పతీగ అనడం కోవిడ్ రోజుల్లో మరీ ఎక్కువైంది కాబట్టి దీని మీద కొంచెం ఆగుతాను. 2021లో ముంబయి డాక్టర్లు కొందరు తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసుల్ని వైద్య పత్రికలో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. 2022 ఫిబ్రవరిలో ఇచ్చిన ప్రకటనలో, అసలైన తిప్పతీగ అంటే టినోస్పోరా కార్డిఫోలియా సురక్షితమేనని, దానికి అన్నదమ్ముల్లాంటి టినోస్పోరా క్రిస్పా లాంటివి హాని చేయొచ్చని, రెంటినీ తేడా చూసుకోమని చెప్పింది. రెండు పక్షాల వాదన ఎలా ఉన్నా, కంచె మీద కనిపించిందల్లా మరిగించి తాగకూడదని నాకు అర్థమైంది.

అసలు తిప్పతీగ ముదురు కాడ మీద పలచటి కాగితంలాంటి పొర లేస్తుంది. గోటితో గీకితే లోపల ఆకుపచ్చ. అడ్డంగా కోస్తే బండి చక్రంలో పుల్లల్లా గీతలు కనిపిస్తాయి. పైనుంచి దారాల్లాంటి వేళ్లు నేల వైపు వేలాడతాయి. ఆకు తొడిమ పొడవు, కాడకి అతికే చోట ఉబ్బి కాస్త మెలి తిరిగి ఉంటుంది. కాయలు పండితే ఎర్రగా, బఠాణీ గింజంత. ముక్క కోసి చెట్టుకి వేలాడదీసినా చావదు, అమృత అన్న పేరు ఊరికే రాలేదు. క్రిస్పా కాడ మీదైతే మొటిమల్లా బుడిపెలు తేలి ఉంటాయి. ఆయుష్ శాఖ చెప్పిన తేడాల్లో మన కంటికి సులువుగా ఆనేది ఇదే.

దూసరితీగని కూడా కొందరు తిప్పతీగ అంటారు. ఆకు చిన్నది, మెత్తటి నూగు ఉంటుంది. ఆకులు నీళ్లలో పిసికి కాసేపు వదిలేస్తే నీళ్లు జెల్లీలా గడ్డకడతాయి. ఇంట్లో చేసుకోగల పరీక్షల్లో ఇంత తేలికైనది నాకు ఇంకోటి తెలీదు. పిల్లలకి చూపిస్తే మ్యాజిక్ అనుకుంటారు.

ఇక నా తీగ. కాడ నున్నగా గుండ్రంగా ఉంది, పొర లేవలేదు, వేలాడే వేళ్లు లేవు. ఆకు మొదట్లో ఒకే చోట మొదలైన ఈనెలు విల్లులా వంగి కొస దాకా పోయాయి, వాటి మధ్య అడ్డ ఈనెలు నిచ్చెన మెట్లలా ఉన్నాయి. ఆగస్టులోనే ఇది తిప్పతీగ కాదని నాకు తేలిపోయింది. ఏమిటన్నది తేలలేదు. సెప్టెంబరు చివర్లో ఆకు పంగల్లో గోధుమరంగు ఉండలు కనిపించాయి, గోలీలంత. నెల తిరిగేసరికి చిన్న బంగాళాదుంపలంత అయ్యాయి. తీగ మీద దుంపలు! లెక్చరర్ గారి బల్ల మీద ఆ కొమ్మ పెట్టగానే చీటీ కూడా చదవలేదు ఆయన. డయోస్కోరియా బల్బిఫెరా, మన పెండలానికి అడవి చుట్టం. సాగు పెండలం కాడకి రెక్కల్లాంటి పలకలుంటాయి, ఆకులు ఎదురెదురుగా వస్తాయి. దీనికి కాడ గుండ్రం, ఆకులు ఒకటి విడిచి ఒకటి. ఈ దుంపలు పచ్చిగా చేదు, అడవి రకాల్లో విషం ఉంటుంది. నాలుగాకుల కషాయం ఏం చేసేదో గానీ, తాగకపోవడమే మంచిదైంది.

చెట్టయితే

చెట్టుకి తొందర ఉండదు, అది ఎక్కడికీ పోదు. ఏడాది పొడుగునా చూడొచ్చు. కాయ వచ్చేదాకా ఆగితే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి. ముష్టి, చిల్ల రెండూ దగ్గరి చుట్టాలు, రెంటికీ ఆకులు ఎదురెదురుగా, మొదలు నుంచి మూడో అయిదో ఈనెలు. ఆకుని చూసి చెప్పడం కష్టం. కాయ వస్తే పసిపిల్లలు కూడా చెప్తారు. ముష్టి కాయ నారింజ పండులా ఉంటుంది, లోపల బిళ్లల్లాంటి చదును గింజలు, స్ట్రిక్నిన్ అనే విషం వాటిలోదే. చిల్ల కాయ చిన్నది, పండితే నల్లబడుతుంది, లోపల ఒకటే గింజ. బురద నీళ్లు తేర్చడానికి కుండ లోపల అరగదీసేది దాన్నే.

కొట్టాలనుకుంటే మాత్రం పేరు తేలాకే గొడ్డలి ఎత్తండి. మీ పొలంలో ఉన్నా సరే, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు నరకడానికి అనుమతి కావాలి. ఎర్రచందనం అయితే నరకడానికీ తరలించడానికీ అటవీ శాఖ కాగితాలు తప్పవు. దానికి తొడిమకి సాధారణంగా మూడు ఆకులుంటాయి, దాని చుట్టమైన వేగిసకి అయిదు నుంచి ఏడు. ఈ గుర్తు పట్టుకుని మీరే తీర్పు చెప్పేసుకోవద్దు. అనుమానం వస్తే అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌ని పిలవండి. ఇక్కడ ఏ యాప్ మాటా కాగితం మీద చెల్లదు.

మా తీగ డిసెంబరుకి పూర్తిగా ఎండిపోయింది. పీకేద్దామంటే అత్తయ్యే వద్దంది. కూలికి వచ్చే మన్యం అమ్మాయి ఒకామె దాన్ని చూసి, వాళ్ల ఊళ్లో ఇలాంటి దుంపలు ముక్కలు కోసి, ఉడికించి, ఏటి నీళ్లలో రాత్రంతా ఉంచి తింటారని చెప్పింది. ఆ పనితనం మాకు లేదు, మేం తినలేదు. ఈ తొలకరికి అదే చోట మళ్లీ మొలిచింది. అత్తయ్య పంతం పట్టి, లెక్చరర్ గారికి చూపించి మరీ తెచ్చిన అసలు తిప్పతీగ ముక్కని అదే కంచెకి నాటింది. ఇప్పుడు రెండు గుండె ఆకులూ ఒకే కంచె మీద అల్లుకుపోతున్నాయి. తిప్పతీగ కాడకి గజానికొకటి చొప్పున ఎర్ర గుడ్డ పీలికలు కట్టాం. గుడ్డ లేని ఆకు ఎవరూ కోయకూడదని ఇంట్లో ఒప్పందం.